మలబద్ధకం లేని మనిషికి విరేచనాల సిరప్ ఎందుకు రాశారు? కాలేయం గట్టిపడిన మా నాయన గురించి

కొండమల్లేపల్లి లెక్కల సారు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది దేవరకొండ డివిజన్‌లో ఒక చిన్న ఊరు. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. మా నాయన వయసు 57. ముప్పై ఏండ్లుగా ఆయనకు పొద్దున ఒక సీసా, మాపున రెండు సీసాల కల్లు తాగే అలవాటు ఉంది. ఈ ఏడెనిమిదేండ్లలో దానికి క్వార్టర్ సీసా కూడా తోడైంది. దసరాకు ముందు కాళ్లు ఉబ్బితే, చెప్పులు బిగుతయ్యాయని కొత్త చెప్పులు కొనుక్కున్నాడే గాని జబ్బు అనుకోలేదు. మేమూ అనుకోలేదు. దీపావళి నాటికి పొట్ట పెరిగి లుంగీ బొడ్డు కిందికి జారింది. మా ఊరి ఆర్‌ఎంపీ నీరసమని చెప్పి వారంలో నాలుగు సెలైన్ సీసాలు ఎక్కించాడు, దానితో పొట్ట ఇంకా బిగిసింది. నల్లగొండలో స్కానింగ్ తీయిస్తే కాలేయం గరుకుగా మారిందని, ప్లీహం పెరిగిందని, పొట్టలో నీరు చేరిందని రాసి ఇచ్చారు. హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో తొమ్మిది రోజులు ఉంచుకుని ఆరు లీటర్ల నీరు తీశారు, ఎండోస్కోపీ చేసి అన్నవాహికలో మూడు బ్యాండ్లు వేశారు, సిర్రోసిస్ అని చెప్పి పంపించారు. అప్పటి నుంచి ఆయన తాగుడు మానేశాడు.

డిశ్చార్జి కాగితంలో నాలుగు రకాల మాత్రలు, ఒక సిరప్ ఉన్నాయి. ఆ సిరప్ ఎందుకని అడిగితే, మందులు ఇచ్చిన కుర్రవాడు "మోషన్ ఫ్రీగా కావడానికి" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. మా నాయనకు ఏనాడూ మలబద్ధకం లేదు. సిరప్ తాగినన్ని రోజులూ నాలుగైదుసార్లు వెళ్లవలసి వచ్చేది. బస్సెక్కాలన్నా, నలుగురిలో కూర్చోవాలన్నా ఆయనకు సిగ్గుగా ఉండేది. పది రోజుల కిందట ఆపేశాము. నీరు కూడా తగ్గింది కదా అని మళ్లీ ఎండోస్కోపీకి రమ్మన్న తేదీకి వెళ్లలేదు.

ఆపిన అయిదో రోజు నుంచి ఆయనకు రాత్రిళ్లు నిద్ర లేదు, పగలంతా మగతగా పడి ఉంటున్నాడు. ఆర్‌ఎంపీని అడిగితే నిద్ర మాత్ర ఇచ్చాడు, మూడు రోజులుగా వేస్తున్నాము. మొన్న రాత్రి రెండు గంటలకు లేచి కొట్టంలోకి వెళ్లి "ఎడ్లేవిరా, ఎవడిడిసిండు?" అని గద్దించాడు. ఆ ఎడ్లను అమ్మి ఎనిమిదేండ్లయింది. నిన్న బ్యాంకు ఫారం మీద సంతకం పెట్టమంటే సగం అక్షరాలు పడి, మిగతాది గీతలాగా కిందికి సాగిపోయింది. కల్లు మాన్పిస్తే ఇట్లాగే పిచ్చి లేస్తుందనీ, ఒక గ్లాసు పోస్తే కుదురుకుంటాడనీ ఇరుగుపొరుగు వాళ్లు అంటున్నారు. మా అమ్మ కూడా సగం ఒప్పుకున్నట్లే ఉంది.

గత వారం రక్తం పరీక్ష చేయిస్తే ఎస్‌జీపీటీ 36 వచ్చింది. అది నార్మలే కదా, అంటే కాలేయం బాగుపడినట్లేనా? ప్లేట్‌లెట్లు 62,000 ఉన్నాయని చూసి మా బావ బొప్పాయి ఆకు రసం తెచ్చాడు. ఇదంతా మన జిల్లా ఫ్లోరైడు నీళ్ల వల్లనే వచ్చిందని మా మేనమామ వాదన. ఏది నమ్మాలో తెలియక, అసలు ఆ సిరప్ మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అని అడుగుతున్నాను.

పాలమూరు సిస్టర్

సార్, మిగతా ప్రశ్నలన్నీ పక్కన పెట్టి ముందు ఈ ఒక్క పని చేయండి. ఇవాళే, వీలైతే ఈ గంటలోనే, మీ నాయనను ఆసుపత్రికి తీసుకువెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. మీరు చెప్పినది కాలేయం పనిచేయక మెదడు మీద పడే మత్తులాగా ఉంది. నిద్ర మాత్ర ఇక ఒక్కటి కూడా వేయకండి. కల్లు చుక్క కూడా పోయకండి. మగతగా ఉన్నప్పుడు నోట్లో నీళ్లు గాని, అన్నం గాని పెట్టకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. విరేచనం తారులాగా నల్లగా అవుతున్నదేమో మీ అమ్మగారిని అడిగి తెలుసుకోండి. నల్లగా ఉంటే లోపల రక్తం కారుతున్నట్లు, ఆ మాట అక్కడి డాక్టరుకు మొదటే చెప్పండి. సిరప్ ఆపిన తేదీని, నిద్ర మాత్ర పేరును చీటీ మీద రాసుకుని వెళ్లండి. మనిషి తేరుకున్నాక మిగతాది రాస్తాను.

కొండమల్లేపల్లి లెక్కల సారు

సిస్టర్, మీకు చేతులెత్తి దండం పెడుతున్నాను. ఆ సాయంత్రమే తీసుకువెళ్లాము. మూడు రోజులుగా విరేచనమే కాలేదని అక్కడ అడిగేదాకా మాకెవ్వరికీ తెలియదు. పొటాషియం 2.9కి పడిపోయిందన్నారు. అదే సిరప్‌ను నీళ్లలో కలిపి ఎనిమా ఇచ్చారు, నిద్ర మాత్ర ఆపించారు, పొట్టలో ఉన్న కొద్దిపాటి నీటిని సూదితో తీసి పరీక్షించి ఇన్‌ఫెక్షన్ లేదని తేల్చారు. మూడో రోజు తెల్లవారుజామున కళ్లు తెరిచి, "ఏందిరా, నన్నీడ పండవెట్టిన్రు?" అని అడిగాడు. ఎడ్ల సంగతి ఏమీ గుర్తు లేదు. నిన్న ఇంటికి వచ్చాము. ఇప్పుడు తీరికగా చెప్పండి, ఆ సిరప్‌లో ఏముంది?

పాలమూరు సిస్టర్

సార్, చాలా సంతోషం. నేను డాక్టరును కాను. జీర్ణకోశ వ్యాధుల వార్డులో ఇరవై రెండేండ్లు పనిచేసిన నర్సును. మోతాదు మార్చే పని ఏదైనా మీ డాక్టరును అడిగే చేయండి. కారణాలు మాత్రం నేను చెప్పగలను, ఎందుకంటే ఈ జబ్బులో కారణం తెలియని ఇంటివాళ్లు మందులు ఆపేసి మనిషిని మళ్లీ మోసుకురావడం నేను చాలాసార్లు చూశాను. మీ తప్పు లేదు. "మోషన్ ఫ్రీగా" అన్న మాట చెప్పినవాళ్లదే తప్పు.

ఆ సిరప్ పేరు ల్యాక్టులోజ్. అది మలబద్ధకానికి కూడా వాడతారు గాని మీ నాయనకు రాసింది అందుకు కాదు. మనం తిన్నదాన్ని పేగుల్లోని సూక్ష్మజీవులు విరగ్గొట్టినప్పుడు అమ్మోనియా పుడుతుంది. పేగుల నుంచి వచ్చే రక్తమంతా పోర్టల్ సిర అనే పెద్ద నాళం గుండా ముందు కాలేయానికి చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న కాలేయం అమ్మోనియాను యూరియాగా మార్చి మూత్రంలోకి పంపించేస్తుంది. సిర్రోసిస్‌లో కాలేయ కణాలు చచ్చిపోయిన చోట మచ్చ కట్టి గట్టిపడుతుంది కాబట్టి, పనిచేసే కణాలు తగ్గడమే కాక, రక్తానికి లోపలికి దారి దొరకక పక్క నాళాల గుండా కాలేయాన్ని తప్పించుకుని నేరుగా ఒంట్లోకి, అక్కడి నుంచి మెదడుకు పోతుంది. ల్యాక్టులోజ్ ఒంటికి పట్టని ఒక రకమైన చక్కెర. అది పెద్దపేగులో పులిసి ఆమ్లంగా మారి, అమ్మోనియాను రక్తంలోకి పోలేని రూపంలోకి మార్చి మలంతో పాటు బయటికి తోసేస్తుంది. అంటే మీ నాయన కాలేయం చేయలేకపోతున్న పనిలో కొంత ఆ సిరప్ చేస్తున్నది.

కాబట్టి ఈ మందును మిల్లీలీటర్లలో కాదు, విరేచనాల లెక్కలో కొలుచుకోవాలి. రోజుకు రెండు లేదా మూడు మెత్తటి విరేచనాలు కావాలి. నాలుగు దాటితే మోతాదు తగ్గించాలి, ఒకటే అయితే పెంచాలి. పూర్తిగా ఆపేయడం మాత్రం ఎప్పుడూ కూడదు. మరీ ఎక్కువైనా ప్రమాదమే, ఎందుకంటే ఒంట్లో నీరు, పొటాషియం తగ్గిపోయి మళ్లీ అదే మత్తు వస్తుంది. ప్రయాణం ఉన్న రోజున ఇల్లు చేరాక తాగవచ్చు. ఈ మత్తు మళ్లీ మళ్లీ వస్తుంటే రిఫాక్సిమిన్ అనే మాత్ర కూడా కలుపుతారు. ఈసారి మీ నాయనకు సిరప్ ఆగిపోవడం, విరేచనం కాకపోవడం, పొటాషియం పడిపోవడం, నిద్ర మాత్ర, ఈ నాలుగూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. రక్తస్రావం గాని, ఇన్‌ఫెక్షన్ గాని ఉంటే కూడా ఇలాగే జరుగుతుంది.

ఇంట్లో గుర్తుపట్టడానికి స్కానింగులు అక్కరలేదు. మొదట పగలు నిద్ర, రాత్రి మెలకువ అవుతుంది. బస్సును ఆపినట్లుగా రెండు చేతులూ ముందుకు చాచి అరచేతులు పైకెత్తమంటే, పక్షి రెక్క కొట్టినట్లు చేతులు టపటపమని పడిపోతుంటాయి. రోజూ ఒక పాత నోటుబుక్కులో సంతకం పెట్టించండి, పది, ఇరవై, యాభై నోట్లు కలిపి చేతిలో పెట్టి లెక్కపెట్టమనండి. ముప్పై ఏండ్లు వ్యవసాయం చేసిన మనిషి డబ్బు లెక్క తప్పాడంటే ఆలోచించవలసిందే.

కల్లు మాన్పించినందుకు వచ్చిన పిచ్చి కాదని ఎలా చెప్పగలను అంటే, కాలం చూడండి. తాగుడు ఆపిన మనిషికి వణుకు, మూర్ఛ, కలవరం సాధారణంగా మొదటి వారంలోనే వస్తాయి. మీ నాయన ఆపి ఏడు వారాలు దాటింది. అయితే మీ ఇరుగుపొరుగు వాళ్ల మాటలోనూ కొంత నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయను. మన పాలమూరు, నల్లగొండ వైపు దొరికే కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయజిపామ్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతారన్నది ఎక్సైజ్ వాళ్లు పట్టుకున్న సరుకే చెబుతుంది. కల్లు దుకాణాలు మూతపడినప్పుడల్లా మా వార్డుకు వింతగా ప్రవర్తించే మనుషులు వరసగా వచ్చేవారు. తాగడం ఆపవలసిందే, కానీ రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఇంట్లోనే ఆపకుండా ఆసుపత్రిలో విటమిన్ బి1 సూదులతో, డాక్టరు కనిపెట్టి ఉండగా ఆపాలి. ఇప్పుడు మళ్లీ ఒక గ్లాసు పోస్తే మాత్రం, సారాయి భాగం కాలేయం మీద, మత్తుమందు భాగం మెదడు మీద, రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయి. ఇంకొక మాట. తాగుడు మాన్పిస్తామని చెప్పి, తాగేవాడికి తెలియకుండా కూరలో కలపమని అమ్మే పొడులు ఉంటాయి. కొన్నింటిలో డైసల్ఫిరామ్ ఉంటుంది, అదే కాలేయాన్ని దెబ్బతీయగలదు. మీ అమ్మగారికి ఎవరైనా అది అంటగట్టకుండా చూసుకోండి.

ఎస్‌జీపీటీ విషయం మీకు మీ బడి భాషలోనే చెబుతాను. తరగతిలో గొడవ వినబడటం లేదంటే పిల్లలందరూ బుద్ధిగా చదువుతున్నారని అర్థం కావచ్చు, అసలు పిల్లలే రాలేదనీ కావచ్చు. కాలేయ కణాలు పగులుతున్నప్పుడు ఎస్‌జీపీటీ పెరుగుతుంది. పగలడానికి మిగిలిన కణాలే తక్కువైనప్పుడు అది నార్మల్‌గా కనిపిస్తుంది. మీ నాయన విషయంలో చూడవలసినవి బిలిరుబిన్, ఆల్బుమిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్, మూత్రపిండాల క్రియాటినిన్, సోడియం. ప్లేట్‌లెట్లు తగ్గడం డెంగీ వల్ల కాదు. పోర్టల్ సిరలో ఒత్తిడి పెరిగి ప్లీహం ఉబ్బితే అది ప్లేట్‌లెట్లను తనలోనే పట్టి ఉంచుకుంటుంది, బొప్పాయి ఆకు దాన్ని మార్చలేదు.

పొట్టలో నీటికి కూడా ఆ ఒత్తిడే మూలం. దానికి ఉప్పు ఆజ్యం పోస్తుంది. రోజుకు మొత్తం మీద అయిదు గ్రాముల ఉప్పు, అంటే ఒక చిన్న చెంచాడు, అంతకు మించకూడదని చెబుతారు. ఇప్పుడు లెక్కల సారుగా మీరే లెక్క వేయండి. మామూలు సెలైన్ నీళ్లలో నూటికి 0.9 పాళ్లు ఉప్పు ఉంటుంది, అర లీటరు సీసాలో 4.5 గ్రాములు. నీరసమని ఎక్కించిన ఒక్కొక్క సీసాతో దాదాపు ఒక రోజు ఉప్పు నేరుగా రక్తంలోకి వెళ్లింది. పొట్ట బిగిసిందంటే ఆశ్చర్యమేముంది? చింతకాయ తొక్కు, మామిడికాయ తొక్కు, అప్పడాలు, ఎండు చేపలు, మిక్స్చరు మానుకోవాలి. వచ్చే సంక్రాంతికి సకినాల పిండిలో ఆయన వాటా వేరుగా తీసి ఉప్పు లేకుండా చుట్టమనండి. నిమ్మరసం, చింతపండు, మిరియాలు, జీలకర్ర, కొత్తిమీర వేస్తే చప్పిడి కూర కూడా నోటికి పోతుంది. సోడియం బాగా పడిపోతే తప్ప తాగే నీళ్లకు కట్టడి అక్కరలేదు.

నీరు పోవడానికి స్పైరనోలాక్టోన్, ఫ్యూరోసెమైడ్ అనే మాత్రలు సాధారణంగా 100కు 40 పాళ్లలో మొదలుపెడతారు. ఒకటి పొటాషియాన్ని నిలబెడుతుంది, రెండోది పోగొడుతుంది, అందుకే జంటగా ఇస్తారు, అందుకే రక్తం పరీక్ష తప్పనిసరి. మీ నాయనకు ఇప్పుడు పొటాషియం తగ్గింది కాబట్టి మందులు మార్చి ఉంటారు. తరువాత స్పైరనోలాక్టోన్ పెంచితే అది ఎక్కువ కూడా కావచ్చు, కాబట్టి అడగకుండా రోజూ కొబ్బరి నీళ్లు తాగించడం, బీపీ వాళ్లకని అమ్మే తక్కువ సోడియం ఉప్పు వాడటం మంచిది కాదు. ఆ ఉప్పులో కొంత సోడియానికి బదులు పొటాషియం ఉంటుంది. రోజూ ఒకే వేళకు, ఒకే రకం బట్టలతో బరువు చూడండి. కాళ్ల వాపు లేని మనిషికి రోజుకు అర కిలో తగ్గితే చాలు, అంతకంటే వేగంగా తగ్గితే మూత్రపిండాలకు దెబ్బ. సూదితో అయిదు లీటర్లకు మించి నీరు తీసినప్పుడు లీటరుకు ఆరు నుంచి ఎనిమిది గ్రాముల చొప్పున ఆల్బుమిన్ ఎక్కిస్తారు, దాని ఖరీదు చూసి వద్దనకండి. ఆ నీటిని పరీక్షకు పంపడం కూడా ముఖ్యం. మన దగ్గర క్షయ వల్ల కూడా పొట్టలో నీరు చేరుతుంది. సిర్రోసిస్ నీటిలో ఇన్‌ఫెక్షన్ వస్తే, జ్వరం గాని, నొప్పి గాని పెద్దగా లేకుండానే మనిషి కుప్పకూలవచ్చు.

బ్యాండ్ల గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు గాని నాకు అన్నిటికంటే భయం వేసింది అక్కడే. కాలేయంలో దారి దొరకని రక్తం అన్నవాహిక గోడల్లోని సన్నని సిరలను ఉబ్బిస్తుంది, అవి పగిలితే నెత్తురు కక్కుకుంటారు. రబ్బరు బ్యాండు ఆ సిర మెడను బిగిస్తుంది. ఒక్కసారి వేస్తే సరిపోదు, రెండు నుంచి నాలుగు వారాలకొకసారి చూస్తూ సిరలన్నీ మాయమయ్యేదాకా వేయాలి. పొట్ట తగ్గింది కదా అని మానేసిన ఆ తేదీకి ఈ వారంలోనే వెళ్లండి. కార్వెడిలాల్ గాని, ప్రొప్రనలాల్ గాని రాసి ఉంటే అవి గుండెకు కాదు, ఈ ఒత్తిడికే. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్ సూదులు వేయించుకోవద్దు. పారాసిటమాల్ రోజుకు రెండు గ్రాముల లోపు వాడవచ్చు.

తిండి విషయంలో, కాలేయ రోగికి పప్పు, గుడ్డు పెట్టకూడదన్నది పాత మాట. కండ కూడా అమ్మోనియాను కొంత తొలగిస్తుంది, కండ కరిగితే మత్తు పెరుగుతుంది. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలి. పెసరపప్పు, పెరుగు, పాలు, గుడ్డు బాగా పడతాయి. రాత్రి పడుకునే ముందు ఒక గ్లాసు పాలు, ఒక జొన్న రొట్టె ముక్క తినమనండి. ఈ కాలేయం రాత్రి ఉపవాసానికి నిల్వ ఉంచుకోలేదు, పొద్దుటిదాకా ఆగితే కండను కరిగించుకుంటుంది.

మీ మేనమామ గారికి చెప్పండి, ఫ్లోరైడు మన జిల్లాల్లో పండ్లను, ఎముకలను పాడుచేసిన మాట నిజం, కానీ సిర్రోసిస్ దాని వల్ల వచ్చేది కాదు. హెపటైటిస్ బి, సి పరీక్షలు చేశారో లేదో కాగితాల్లో చూడండి. తాగేవాళ్లలో కూడా అవి కలిసి ఉండవచ్చు. 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద వాటికి పరీక్షలు, మందులు ఉచితం. ఆరు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ కూడా చేయించండి, గడ్డ పుడితే చిన్నగా ఉన్నప్పుడే దొరుకుతుంది.

నాగర్‌కర్నూల్ పెద్దాయన

ఇంత చదువు అవసరమా అమ్మా? మా ఊళ్లో కామెర్లకు మూడు పొద్దులు పసరు పోస్తే ఎంతమందికో తగ్గింది. మా చిన్నకొడుకుకు నా కళ్లముందే తగ్గింది. వాళ్లు ఒక్కసారి ఆ పసరు కూడా చూస్తే పోయేదేముంది?

పాలమూరు సిస్టర్

పెద్దనాన్నా, మీ అబ్బాయికి తగ్గిన మాట నేను నమ్ముతాను. పిల్లలకు ఎక్కువగా వచ్చేది కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, అది చాలామందిలో కొన్ని వారాల్లో దానంతటదే తగ్గిపోతుంది. పసరు పోసినా, పోయకపోయినా తగ్గేదే, ఆ పేరు పసరుకు వచ్చింది. ఈయన జబ్బు ఆ జాతిది కాదు. పోయేదేముంది అన్నారు కనుక చెబుతున్నాను. కరోనా రోజుల్లో రోగనిరోధక శక్తి కోసమని తిప్పతీగ కషాయం తాగి కాలేయం దెబ్బతిన్నవాళ్ల గురించి మన దేశపు డాక్టర్లే వైద్య పత్రికల్లో రాశారు. మంచి కాలేయమే తట్టుకోలేని మందును మచ్చకట్టిన కాలేయానికి పోయడం ఎందుకు?

వనపర్తి అన్న

మాస్టారూ, సిస్టర్ చెప్పని ఒక సంగతి నేను చెబుతాను, ఎందుకంటే నేను మా తమ్ముడికి నా కాలేయంలో కుడి భాగం ఇచ్చాను. నాలుగేండ్లయింది, ఇద్దరం బాగున్నాము. పొట్టలో నీరు, నెత్తురు కక్కడం, మెదడు మత్తు, వీటిలో ఏది వచ్చినా కాలేయ మార్పిడి గురించి ఒకసారి అడిగి ఉంచుకోవలసిన వేళ వచ్చినట్లే. వెంటనే చేయించుకోమని కాదు. మేము మనిషి పూర్తిగా పడిపోయాక వెళ్లాము, అప్పటికే కిడ్నీలు మొరాయిస్తున్నాయి. మెల్డ్ అనే ఒక అంకె ఉంటుంది, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్, క్రియాటినిన్‌లతో లెక్కిస్తారు. అది 15కు చేరితే మార్పిడి కేంద్రానికి పంపడం మంచిదంటారు. కానీ మా తమ్ముడి అంకె చిన్నదిగా ఉన్నప్పుడే అతనికి నీరు ఆగడం లేదు, కాబట్టి అంకె ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. తాగుడు వదిలేసి నెలల తరబడి నిలబడిన వాళ్లలో కాలేయం కొంత తేరుకుని మార్పిడి అవసరమే లేకుండా పోయినవాళ్లూ ఉన్నారు, తాగుడు వదలనివాళ్లను ఏ కేంద్రమూ జాబితాలో చేర్చదు.

ఇచ్చేవాళ్ల సంగతి. అవయవ మార్పిడి చట్టం 1994 నాటిది. భార్యాభర్తలు, కన్నవాళ్లు, పిల్లలు, తోబుట్టువులు దగ్గరి బంధువుల కింద వస్తారు, 2011 సవరణతో తాత, అవ్వ, మనుమలు కూడా చేరారు. మేనల్లుడో, బావమరిదో ఇస్తానంటే ప్రత్యేక కమిటీ అనుమతి కావాలి. నాకు మొదటిసారి కాలేయంలో కొవ్వు ఉందని వెనక్కి పంపారు. రెండున్నర నెలలు అన్నం తగ్గించి, పొద్దున్నే ఊరి చెరువు కట్ట మీద నడిచి ఏడు కిలోలు తగ్గి వెళితే ఒప్పుకున్నారు. కోసి ఇచ్చిన భాగం తీసుకున్నవాళ్లలో, మిగిలిన భాగం ఇచ్చినవాళ్లలో కొన్ని వారాల్లోనే పెరుగుతుంది, ఇది విని మా అవ్వ "వరి పిలకలేసినట్టా" అని అడిగింది. మూడు నెలలు బరువులెత్తవద్దన్నారు. 45 కిలోల యూరియా బస్తాను పక్కింటివాడు దించుతుంటే చూస్తూ నిలబడటమే నాకు ఆపరేషన్ కంటే కష్టంగా తోచింది.

ఇంట్లో ఎవరూ సరిపోకపోతే, బ్రెయిన్ డెడ్ అయినవారి కాలేయం కోసం జీవన్‌దాన్ అనే ప్రభుత్వ అవయవదాన పథకంలో పేరు నమోదు చేయిస్తారు. దాన్ని నిమ్స్ నుంచి నడుపుతారు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో పది లక్షలకు పెరిగింది. ఏ దశ అందులోకి వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే కూర్చోబెట్టి అడగండి. ఆపరేషన్ తరువాత కొత్త కాలేయాన్ని ఒళ్లు తిరగ్గొట్టకుండా టాక్రోలిమస్ వంటి మాత్రలు జీవితాంతం వేసుకోవాలి. మా తమ్ముడు పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి ఫోన్‌లో అలారం పెట్టుకున్నాడు, పెండ్లి పందిట్లో ఉన్నా అది మోగగానే లేస్తాడు.

కొండమల్లేపల్లి లెక్కల సారు

సిస్టర్, అన్నా, మీరు రాసినదంతా రాత్రి అమ్మకు చదివి వినిపించాను. సెలైన్ లెక్క దగ్గర ఆమె నన్ను ఆపి, "నాలుగు సీసలకు ఎంతయింది?" అని అడిగింది. పద్దెనిమిది గ్రాములు అంటే అరచేతిలో ఉప్పు పోసుకుని చూసింది. తొక్కు జాడీలు రెండూ అటక ఎక్కాయి. బ్యాండ్ల కోసం గురువారం హైదరాబాదు వెళుతున్నాము, సిరప్ సీసా సంచిలో పెట్టుకుని, ఆ పూట మోతాదు అక్కడికి చేరాక తాగించాలని అనుకున్నాము. హెపటైటిస్ బి, సి రెండూ లేవని పాత కాగితంలోనే ఉంది, మేమే చూడలేదు. మార్పిడి గురించి కూడా ఆ రోజే అడుగుతాను. నాదీ నాయనదీ ఒకటే రక్తం గ్రూపు, అయితే నా పొట్ట సంగతి కూడా అన్న చెప్పినట్లే ఉంది, అందుకని రేపటి నుంచి బడికి సైకిల్ మీద వెళదామనుకుంటున్నాను.

ఇంట్లో బరువు చూసే మిషను లేదు. ఎదురింటి వాళ్లు పత్తి కొనడానికి పెట్టిన కాంటా ఉంది, దాని మీద పొద్దున్నే నిలబెడుతున్నాము. పత్తి బోరేల మధ్య నిలబడి ఆయనే నవ్వుకుంటున్నాడు. అమ్మకు రాయడం రాదు కాబట్టి విరేచనానికొక గీత చొప్పున కొట్టం తలుపు మీద సుద్దతో గీస్తున్నది. ఇవాళ కాంటా 58 కిలోల 400 గ్రాములు చూపింది, సాయంత్రానికి తలుపు మీద మూడు గీతలు పడ్డాయి.